రాతిమీది అక్షరానికి ఆయుర్దాయం ఎంత?

మీ బడి గోడకు ఒక రాతిపలక బిగించి ఉండే ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే మీరు తరగతికి వెళుతుంటారు. చదవడం ఒక్క నిమిషం ఆపి, కళ్ళు మూసుకొని చెప్పండి చూద్దాం. దానిమీద ఎవరి పేరుంది? ఏ సంవత్సరం వేశారు?

చెప్పలేకపోయారు కదూ! సిగ్గుపడనవసరం లేదు. మా పదో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలుంటే ఈ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పినవారు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒకడు రోజూ ఆలస్యంగా వచ్చి ఆ పలక ముందు నిలబడేవాడు కాబట్టి చెప్పగలిగాడు.

మేముండేది ఉక్కునగరం. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారి కోసం కట్టిన ఊరు. ఆ రోజు నేను చెప్పవలసిన పాఠం లోహక్షయం, అంటే లోహాలు తుప్పు పట్టడం, చిలుము పట్టడం. పాఠం పక్కన పెట్టి, “వచ్చే ఆదివారం విశాఖలో స్మారక చిహ్నాలు చూడడానికి పోదాం. వాటిమీద ఏం రాశారన్నది ఒక పుటలోను, అవి ఏ పదార్థంతో చేశారు, ఆ పదార్థం ఇప్పుడు ఏమవుతోందన్నది ఎదుటి పుటలోను రాయాలి” అన్నాను.

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. “ఇనుమంటే తుప్పు పడుతుంది మాస్టారూ. రాయి ఏమవుతుంది? రాయి రాయే కదా!”

నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఒకప్పుడు నేనూ నమ్మి ఒక తప్పు చేశాను.

నేను చేసిన తప్పు

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. ఉద్యోగంలో కొత్తగా చేరాను. పల్లెటూరి ఉన్నత పాఠశాల. బడికి స్థలం ఇచ్చిన దాత పేరు, ఇచ్చిన సంవత్సరం ఒక చలువరాతి పలకమీద చెక్కించి వరండా గోడలో బిగించారు. ఏటా గోడలకు సున్నం కొట్టేటప్పుడు చుక్కలు పడిపడి ఆ పలకమీద తెల్లటి పొర కట్టింది. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది. “సైన్సు మాస్టారూ, ఆ పలక కాస్త బాగుచేయించండి” అన్నారు ప్రధానోపాధ్యాయులు.

నాకు మహా ఉత్సాహం కలిగింది. సున్నం ఆమ్లంలో కరుగుతుంది గదా! ప్రయోగశాలనుంచి హైడ్రోక్లోరికామ్లం సీసా తెచ్చి, కర్రకు గుడ్డ చుట్టి, ఆమ్లంలో ముంచి పలకంతా రుద్దాను. బుసబుసమని నురగ వచ్చింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నీళ్ళు పోసి కడిగి చూస్తే సున్నం పోయింది. దానితోపాటు రాతి నునుపూ పోయింది. అక్షరాల అంచులు కరిగిపోయాయి. పేరులో మొదటి అక్షరం, సంవత్సరంలో రెండంకెలు తప్ప మిగిలినదంతా మసకబారింది.

ఏం జరిగిందో మీలో కొందరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. గోడకు కొట్టిన తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని కొద్ది రోజుల్లో కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. చలువరాయి కూడా కాల్షియం కార్బొనేటే! ఆమ్లానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. రెండింటినీ ఒకేలా కరిగించి బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతుంది. ఆ నురగ అదే. ఈ ప్రశ్న పరీక్షలో ఇస్తే నాకు నూటికి నూరు వచ్చేవి. సీసా చేతిలో ఉన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఆ దాత ఎవరని ఊళ్ళో అడిగాను. “ఎవరో గాని మంచివాడట బాబూ” అన్నారు ముసలివాళ్ళు. ఆయన తాలూకు మనుషులు ఎప్పుడో ఊరు విడిచి వెళ్ళిపోయారు. బడి పాత రికార్డులను చెదలు తినేశాయి. అంటే ఆయన పేరు ఈ లోకంలో మిగిలివున్న ఒకే ఒక్క చోటిని నేను ఆమ్లం పోసి కడిగానన్నమాట.

గాలిలో కూడా ఆమ్లం ఉంటుంది. బొగ్గు, చమురు మండేచోట వాటిలోని గంధకం కూడా మండి గంధక వాయువులు పుడతాయి. అవి తేమతో కలిసి కొద్ది కొద్దిగా గంధకికామ్లం అవుతాయి. అది చలువరాతిని జిప్సమ్‌గా మారుస్తుంది. చలువరాయికంటే జిప్సమ్ నీళ్ళలో సులువుగా కరుగుతుంది గనుక వాన పడినప్పుడల్లా ఒక పలుచని పొర కొట్టుకుపోతుంది. నేను అయిదు నిమిషాల్లో చేసిన పని గాలి నూరేళ్ళలో చేస్తుంది. అంతే తేడా. ఇంట్లో చూడాలనుకుంటే ఒక గుడ్డు పెంకును నిమ్మరసంలో వేసి చూడండి. అదీ కాల్షియం కార్బొనేటే.

సమాధిరాయి పేరు పెట్టుకున్న శిల

మరి అన్ని రాళ్ళూ ఇంతేనా? కాదు. మన ఇళ్ళ ముందు మెట్లకు వాడే నల్లరాయి, గ్రానైటు జాతి రాళ్ళు ఆమ్లానికి తేలికగా లొంగవు. వాటిలో ఉండేవి క్వార్ట్జు, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు. చెక్కడం మహా కష్టం. ఉలి మొనలు విరుగుతాయి. కాని చెక్కిన అక్షరం తరతరాలు నిలుస్తుంది. సింహాచలం ఆలయంలో చోళరాజు కులోత్తుంగుని కాలంనాటి శాసనం ఉన్నది. క్రీ.శ. 1098 ప్రాంతానిది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనమూ ఉన్నది. చరిత్రకారులు వాటిని చదివి అచ్చు వేయించారు.

తూర్పు కనుమల రాళ్ళలో రెండింటి పేర్లు మీరు తప్పక తెలుసుకోవాలి. ఒకటి ఖోండలైటు. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరుమీద భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. విశాఖ చుట్టుపక్కల ఎర్రగా, చేత్తో నలిపితే పొడి రాలుతున్నట్టుండే కొండలు చూశారా? అది శిథిలమవుతున్న ఖోండలైటు. రెండోది చార్నొకైటు. ముదురు రంగులో, గట్టిగా ఉంటుంది. దీని పేరు వెనక ఒక స్మారకం కథే ఉంది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ స్థావరం ఏర్పరచిన జాబ్ చార్నాక్ సమాధి అక్కడి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉన్నది. హాలండ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1890లలో ఆ సమాధిరాయిని పరిశీలించి, అది మద్రాసు దగ్గర దొరికే రాయే అని గుర్తుపట్టి, ఆ శిలాజాతికి చార్నొకైటు అని పేరు పెట్టాడు. రాయి మీద మనిషి పేరు చెక్కడం మామూలు. ఇక్కడ మనిషి పేరు రాయికే వచ్చింది! ఇది చెప్పినప్పుడు మా పిల్లలు ఒక అరగంటసేపు ఎవరి పేరున ఏ రాయి ఉండాలో తగువులాడుకున్నారు.

ఇనుము కోసం ఎదురుచూసిన రాయి

విశాఖకు బయలుదేరేముందు మా ఊరి కథనే చెప్పుకోవాలి. 1971 జనవరి 20న నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది 1990లో. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. లెక్క వేయండి. శంకుస్థాపన రాయి తొలి ఇనుము కోసం పందొమ్మిదేళ్ళు ఎదురుచూసింది.

ఆ రాయికి ముందే మనుషులు ప్రాణాలిచ్చారు. అయిదో ఉక్కు కర్మాగారం విశాఖలోనే పెట్టాలని 1966లో ఉద్యమం లేచింది. “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” అన్న నినాదం అప్పటిదే. అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఈ ఉద్యమంలో 32 మంది మరణించారు. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో కర్మాగారం ప్రకటన వచ్చింది.

కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసుకు గోదావరి అని, రెండోదానికి కృష్ణ అని పేర్లు. తరువాత కట్టిన మూడోది అన్నపూర్ణ. నిప్పుల కొలిమికి నది పేరు పెట్టడం తమాషాగా లేదూ! లోపల జరిగే చర్య మీకు తెలిసినదే. కోక్ బొగ్గునుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడు, ముడి ఇనుములోని ఆమ్లజనిని లాగేసుకుంటుంది. ఇనుము మిగులుతుంది. ఇక సముద్రపు గాలి చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. ఇనుముకు ఆమ్లజనిని తిరిగి అంటగట్టి, తుప్పు అనే పేరుతో మళ్ళీ మట్టిరంగులోకి దించుతుంది. కర్మాగారం ఎంత పెద్దదైనా గాలి దాని వెనకే ఉంటుంది.

ఈ మాటలు చెబుతుండగా ఒక అమ్మాయి లేచింది. “మాస్టారూ, మా నానమ్మ వాళ్ళ ఊరు ఇప్పుడు ప్లాంటు లోపల ఉందట. ఆ ఊరికి రాయి ఎక్కడుంది?”

కర్మాగారం కోసం అనేక గ్రామాలు ఖాళీ చేయించారు. నిర్వాసితులకు ఇచ్చిన కార్డును ఇక్కడ అందరూ ‘ఆర్ కార్డు’ అంటారు. ఎన్నో ఇళ్ళల్లో అది ఇంకా బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. “నీ పుస్తకంలో ఒక పుట ఖాళీగా ఉంచు” అన్నాను.

ఉప్పు చేసే అల్లరి

ఆదివారం ఉదయం కూర్మన్నపాలెంలో బస్సెక్కి, గాజువాక మీదుగా బీచిరోడ్డుకు చేరాం. అక్కడ రామకృష్ణా బీచి ఒడ్డున ‘కుర్సురా’ జలాంతర్గామి ఇసుకమీద నిలబడి ఉన్నది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందింది. సేవలో ఉన్నన్నాళ్ళూ 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. లోపలికి వెళితే మనుషులు ఎంత ఇరుకులో నెలల తరబడి బతికారో తెలుస్తుంది. ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి కన్నంలోంచి దూరి పోవాలి. మా వాళ్ళలో కాస్త భారీ మనిషినైన నేను రెండుసార్లు ఇరుక్కున్నాను. పిల్లలు చేయి అందించారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ముప్ఫై ఏళ్ళు నీటిలో తిరిగిన ఈ జలాంతర్గామికి నీటిలో ఉన్నప్పుడు తుప్పు ఎక్కువ పడుతుందా, ఒడ్డున ఉన్నప్పుడు ఎక్కువ పడుతుందా?

దాదాపు అందరూ నీటిలోనే అన్నారు. తుప్పు పట్టడానికి నీరు, ఆమ్లజని రెండూ కావాలి. ఉప్పు ఉంటే ఆ చర్య మరీ వేగంగా సాగుతుంది. లోతు నీటిలో ఆమ్లజని తక్కువ. ఒడ్డున, తుంపర్లు పడి తడిసి, ఎండకు ఆరి, మళ్ళీ తడిసే ఇనుముకు గాలిలోని ఆమ్లజని కావలసినంత అందుతుంది. పైగా ఉప్పు తనలోకి నీటిని లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు దానంతటదే కరిగి నీరవుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుడబ్బా చూడండి. విశాఖలో తేమ 75 శాతం దాటే రోజులు చాలా ఎక్కువ. అంటే వాన పడకపోయినా, అల తాకకపోయినా, ఉప్పు అంటిన ఇనుము తడిసే ఉంటుంది. అందుకే ఒడ్డున పెట్టిన ఇనుప స్మారకానికి మాటిమాటికీ గీకి రంగు వేస్తూ ఉండాలి. ఎదురుగా, రోడ్డుకు అవతల, 2017నుంచి ప్రదర్శనలో ఉన్న టియు-142 విమానం కథ వేరు. దాని శరీరంలో ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రలోహం. అల్యూమినియం పైన ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు ఆ పొరను కూడా అక్కడక్కడ పొడుస్తుంది గాని, ఇనుముకు చేసినంత చేటు చేయలేదు.

సముద్రంలో తిరిగే ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఇనుముకంటే జింకుకు చర్యాశీలత ఎక్కువ. కాబట్టి క్షయం ముందు జింకుకు తగులుకుంటుంది, ఓడ బతుకుతుంది. దిమ్మ అరిగిపోతే మరొకటి బిగిస్తారు. ఇసుకమీద నిలబెట్టిన ఓడకు ఈ ఉపాయం పనికిరాదు. చుట్టూ విద్యుత్తు ప్రవహించడానికి సముద్రపు నీరు ఉండాలి మరి.

“ఢిల్లీలో తుప్పు పట్టని ఇనుప స్తంభం ఉంది కదా మాస్టారూ!” అన్నాడొకడు. నిజమే. సుమారు 1600 ఏళ్ళనాటిది. ఏడు మీటర్ల పొడవున్న ఆ స్తంభంమీద చంద్రుడనే రాజు విజయాలను చెక్కారు. అదీ స్మారకమే. దాని ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం వల్ల పైన ఒక రక్షక పొర ఏర్పడింది. ఢిల్లీ పొడిగాలి కూడా మేలు చేసింది. దాన్ని తెచ్చి మన బీచిలో పాతితే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఉప్పు రాతినీ వదలదు. ఉప్పునీరు రాతి సూక్ష్మరంధ్రాల్లోకి దిగుతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు స్ఫటికాలు పెరుగుతాయి. పెరిగే స్ఫటికం రంధ్రం గోడల్ని నెడుతుంది. వేలసార్లు ఇలా జరిగేసరికి రాయి పొడి పొడిగా రాలుతుంది. ఇంకొక ఇంటిదొంగ ఉన్నాడు. పలకను గోడకు బిగించే ఇనుప కొక్కెం. తుప్పు పట్టిన ఇనుము ఆక్రమించే చోటు అసలు ఇనుముకు రెండు రెట్లకు పైగా ఉంటుంది. లోపల కొక్కెం ఉబ్బి బయటి పలకను పగలగొడుతుంది. మూలల్లో పగిలిన ఫలకం కనిపిస్తే ముందు కొక్కేన్ని అనుమానించండి.

నీటి కింది స్మారకాలు

‘కుర్సురా’కు దగ్గరలోనే ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉన్నది. 1971 యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో నిర్మించారు. ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం నాడు ఇక్కడ పుష్పగుచ్ఛాలుంచి నివాళి అర్పిస్తారు.

ఆ యుద్ధంలో 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్యరాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ ఎదుట మునిగిపోయింది. మన ‘రాజపుత్’ నౌక వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మందుపాతరే పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. అందులోని వారెవరూ బతకలేదు. దానికి చాలా ముందు, రెండో ప్రపంచయుద్ధంలో, 1944 ఫిబ్రవరి 11న ‘ఆర్‌ఓ-110’ అనే జపాను జలాంతర్గామిని కూడా ఈ తీరంలోనే ముంచారు. ముంచినవి భారత నౌక ‘జమునా’, రెండు ఆస్ట్రేలియా నౌకలు. ఈ రెండు జలాంతర్గాములూ విశాఖ ఎదుట సముద్రం అడుగున ఉన్నాయి. మన నౌకాదళపు లోతునీటి రక్షణ వాహనం ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని 2024లో వార్తలు వచ్చాయి.

చీకటి నీటిలో దేన్నైనా ఎలా గుర్తిస్తారు? శబ్దంతో. సోనార్ పరికరం శబ్దతరంగాలను పంపి ప్రతిధ్వనిని వింటుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని 0.2 సెకనులో వచ్చిందంటే వస్తువు ఎంత దూరంలో ఉంది? 300 మీటర్లు అనకండి. శబ్దం పోయి రావాలి, కాబట్టి 150 మీటర్లే.

ఒడ్డున పిల్లలు చాలాసేపు సముద్రంకేసి చూస్తూ నిలబడ్డారు. “శత్రువుల పడవకు కూడా గుర్తు ఉండాలా?” అని ఒకడు అడిగితే, ఇంతకుముందు నానమ్మ ఊరి సంగతి అడిగిన అమ్మాయి, “వాళ్ళకీ ఇళ్ళు ఉంటాయి గదా” అంది. నేను కల్పించుకోలేదు. మునిగిన యుద్ధనౌకను అందులో పోయిన నావికుల సమాధిగా భావించి కదిలించకుండా వదిలేయడం నావికుల్లో ఉన్న ఆచారం.

బీచిరోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియంలో ఒక బాంబు కవచం ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖమీద బాంబులు వేసినప్పటిది. అంతకు ఏడాది ముందు, 1941 జూన్ 21న, బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ సింధియా ఓడల నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. ఈ శంకుస్థాపన రాయికి ఎదురుచూపు ఏడేళ్ళే!

జెండా చెప్పిన సమయం

తిరుగు ప్రయాణంలో డాబాగార్డెన్స్‌లో దిగాం. “ఇక్కడేముంది మాస్టారూ? అన్నీ దుకాణాలే” అన్నారు పిల్లలు. నేను ముఖ్యంగా చూపదలచుకున్నది అదే.

1840లో ఇక్కడ ఒక నక్షత్రశాల వెలిసింది. కట్టింది ప్రభుత్వం కాదు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబపు యువకుడు. మద్రాసు వెళ్ళి అక్కడి ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడు టేలర్ దగ్గర గణితం, ఖగోళం నేర్చుకొని వచ్చి, సొంత డబ్బుతో సొంత తోటలో దీన్ని నెలకొల్పాడు. 1856లో ఆయన చనిపోయాక, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ప్రభుత్వోద్యోగం వదులుకొని ఆ బాధ్యత తీసుకున్నాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబంమీదుగా నల్లచుక్కలా దాటిపోవడాన్ని ఆయన ఇక్కడినుంచే పరిశీలించాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకుంది. శుక్ర సంక్రమణం మళ్ళీ 1882లో, ఆపైన 2004లో, 2012లో జరిగింది. ఇక 2117లో గాని రాదు.

నక్షత్రాలు చూడడం కాలక్షేపం అనుకోకండి. ఈ నక్షత్రశాల ఓడలకు సరియైన సమయం చెప్పేది. రేవు పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండమీద ఒక జెండా కొయ్య ఉండేది. నిర్ణీత సమయానికి దానిమీద సంకేతం చూపితే రేవులోని నావికులు తమ గడియారాలు సరిదిద్దుకునేవారు. సమయానికీ ఓడకూ ఏమిటి సంబంధం? భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. నడిసముద్రంలో నావికుడు సూర్యుణ్ణి చూసి స్థానిక సమయం తెలుసుకొని, తన గడియారంలోని సమయంతో పోల్చి, ఆ తేడానుబట్టి రేఖాంశం కట్టేవాడు. గడియారం 4 సెకన్లు తప్పితే ఓడ స్థానం సుమారు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, తప్పిపోతుంది. రాతిగుట్టలున్న తీరంలో చీకటివేళ ఒక మైలు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మీరూ ఒక లెక్క చేయండి. విశాఖ రేఖాంశం 83 డిగ్రీల 18 నిమిషాలు. మన దేశకాలానికి ఆధారమైన రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. విశాఖ సొంత సమయం మన గడియారాలకంటే ఎంత ముందుంటుంది? (3 నిమిషాల 12 సెకన్లు వస్తే మీ లెక్క సరే.) ఆ సంకేతం చూపింది ఈ విశాఖ సొంత సమయాన్నే. దేశమంతటికీ ఒకే సమయం అప్పటికి రాలేదు.

నరసింగరావు 1892లో చనిపోయాడు. తరువాత నక్షత్రశాల ప్రభుత్వం చేతికి వెళ్ళి కొన్నాళ్ళకు మూతపడింది. తోట పోయింది, దుర్భిణి పోయింది. పిల్లలు వీధి వీధీ తిరిగి, దుకాణాల వాళ్ళను కూడా అడిగి, గంట తరువాత వచ్చారు. ఏ గోడమీదా వాళ్ళకు ఆ రెండు పేర్లూ కనిపించలేదు. ఎదుటి పుటలో ‘పదార్థం’ అన్నచోట ఏం రాయాలని అడిగారు. కొందరు గీత గీశారు. ఒకడు ‘కాగితం’ అని రాశాడు. జగ్గారావు, నరసింగరావు మనకు తెలిసింది పాత పత్రికల్లో అచ్చయిన వారి పరిశీలనల వల్లనే గదా, వాడన్నది తప్పనలేం.

ఏటవాలు వెలుగు

ఉక్కునగరం చేరాక పిల్లలు నన్ను వదలలేదు. “మీరు ఆమ్లం పోసిన పలక చూపించండి” అని పట్టుబట్టారు. సంక్రాంతి సెలవుల్లో అయిదుగురిని వెంటబెట్టుకొని వెళ్ళాను. బడి ఉంది. వరండా ఉంది. పలక ఉంది. ఎవరూ మళ్ళీ శుభ్రం చేయలేదు, అదే మేలయింది.

అరిగిపోయిన అక్షరాల్ని చదవడానికి శాసన పరిశోధకులు తడి కాగితం రాతికి అద్ది, బ్రష్షుతో గుంటల్లోకి కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంటలో ఉన్న అక్షరం తెల్లగా, మిగిలినదంతా నల్లగా వస్తుంది. అది నేర్చినవారు చేసే పని, మీరు చేయకండి. సుద్దముక్కతో రుద్దడం, గోటితో గీకడం, మేకుతో లోతు చేయడం అసలే వద్దు. మీరు చేయగలిగింది ఒకటుంది. ఎదురుగా పడే వెలుతురులో నీడలుండవు, అందుకే నిస్సారమైన గుంటలు కనిపించవు. వెలుతురును రాతి పక్కనుంచి, దాదాపు రాతిని రాసుకుంటూ పోయేట్టు పంపితే, వెంట్రుకవాసి లోతుకు కూడా పొడవాటి నీడ పడుతుంది. సాయంత్రపు ఎండలో మీ నీడ ఎంత పొడవో తెలుసు గదా, అదే సూత్రం.

ఒకడు అద్దంతో ఎండను తిప్పాడు. వరండా నీడలో ఆ పలకమీద వెలుగు అడ్డంగా పాకింది. మొదట ఏమీ లేదు. అద్దాన్ని ఇంకాస్త వంచమన్నాను. రెండో అక్షరం లేచింది. ఆ తరువాత ఒత్తు. ఎడమవైపునుంచి పంపితే కొన్ని గీతలు, కుడివైపునుంచి పంపితే మరికొన్ని. ఒకరు అద్దం పట్టుకొని, ఒకరు చదివి, ఒకరు రాసుకుంటూ గంటన్నరసేపు అలా కూర్చున్నారు. ఇంటిపేరు పూర్తిగా వచ్చింది. పేరులో మూడక్షరాలు వచ్చాయి. సంవత్సరం 1938 అని తేలింది. చివరి రెండక్షరాలు మాత్రం ఎటునుంచి చూసినా పైకి రాలేదు. అక్కడ నేను గట్టిగా రుద్దిన గుర్తు నాకింకా ఉంది.

చదివినంతవరకు కాగితంమీద రాయించి, అరిగిన రెండక్షరాల చోట రెండు చుక్కలు పెట్టించి, ఒక ప్రతి ఆ బడిలో ఇచ్చాం. ఇంకొక ప్రతి మా పిల్లల పుస్తకంలో ఉన్నది. దాని తరువాతి పుటలో, ఖాళీగా ఉంచమన్న చోట, నానమ్మ చెప్పిన ఊరి పేరును ఆ అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసింది. కింద ఊళ్ళోని చెరువు, రావిచెట్టు, గుడి ఎక్కడెక్కడ ఉండేవో బొమ్మ వేసింది. తరగతిలో మరో పదకొండు మంది ఇళ్ళల్లో అడిగి ఇప్పటికి ఏడు ఊళ్ళ పేర్లు తెచ్చారు.